మోడల్ రైళ్ళ పనికి ఇంట్లో ఒక బల్ల: తిరుపతి ఇళ్ళకు సరిపోయే ఏర్పాటు

"రేయ్, అన్నాలకు టైమైంది, ఆ రైలు తియ్యరా!" ఆరేళ్ళ పాటు మా అమ్మ నోట రోజూ విన్న మాట ఇది. డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరుచుకుని, పెట్టె కింద బోగీ విప్పి, నాలుగు చక్రాలు వరుసగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సరిగ్గా అప్పుడే పళ్ళేలు వచ్చేవి. పేపరు నాలుగు మూలలా పట్టుకుని మంచం మీదికి మార్చేవాణ్ణి. మళ్ళీ కూర్చునేసరికి ఒక స్క్రూ తక్కువ. ఏది ఎక్కడ విప్పానో గుర్తుండేది కాదు. మోడల్ రైళ్ళు మానేసినవాళ్ళలో చాలామంది డబ్బులేక మానలేదు, సగంలో ఉన్న పనిని సగంలోనే ఉంచే చోటు లేక మానేశారు. ఇది నా గట్టి నమ్మకం. అందుకే పనిబల్ల అంటే నా లెక్కలో ముందు పనిముట్లు కాదు. రాత్రి పదకొండుకు ఆపిన పని మర్నాడు సాయంత్రం అక్కడే, అలాగే ఉండాలి. కింద చెప్పే ప్రతి అడుగూ దానికోసమే.

ఒక చిన్న మాట. మనం మామూలుగా పెట్టె మొత్తాన్నీ బోగీ అనేస్తాం. ఈ వ్యాసంలో బోగీ అంటే పెట్టె కింద చక్రాలు బిగించి ఉండే చట్రం మాత్రమే.

చోటు వెతకడం

రెండు పడక గదుల ఇంట్లో ఈ పనికి గది దొరకదు. ఐదడుగుల గోడ దొరికితే చాలు. నాలుగడుగుల బల్ల, పక్కన మనిషి కదలడానికి ఒక అడుగు. బల్ల ముందు కుర్చీ వెనక్కి జరగడానికి మూడడుగులు వదలండి.

తిరుపతిలో మనకు ఉత్తరాన కొండ. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గోడ దొరికితే వదలకండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు, పగలంతా వెలుతురు దాదాపు ఒకే రకంగా ఉంటుంది, తలెత్తితే కొండ కనిపిస్తుంది. పడమటి గోడ మాత్రం వద్దు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. ఆ వేడికి పల్చటి ప్లాస్టిక్ షీటు వంకరపోతుంది, జిగురు సీసాలోనే గట్టిపడుతుంది.

వంటింటి పక్కన, దేవుడి గూటి పక్కన పెట్టుకోవద్దు. థిన్నర్, ప్లాస్టిక్ అతికించే సిమెంటు, రంగుల స్ప్రే, అన్నీ ఇట్టే అంటుకునేవి. దీపం వెలిగే చోటికీ, గ్యాస్ పొయ్యికీ వాటిని దూరంగా ఉంచాలి. బాల్కనీ మూసి గదిలా చేసుకున్నవాళ్ళు ఉన్నారు. గాలి బాగా వస్తుంది కానీ దుమ్ము ఎక్కువ, నవంబరు వానలకు జల్లు కొడుతుంది. నేనైతే పడక గది మూలకే ఓటేస్తాను.

బల్ల కొలతలు, ఒక్క ప్లైవుడ్ షీటులో

ఎత్తు ముందు. రెడీమేడ్ టేబుళ్ళు ముప్పై అంగుళాలు ఉంటాయి. రాసుకోవడానికి అది సరిపోతుంది. చిన్న పనికి మాత్రం మెడ వంగిపోతుంది. మీ కుర్చీలో కూర్చుని, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. బల్ల పై భాగం ఆ ఎత్తుకు రావాలి. కప్లర్ (పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) బిగించడం, బొమ్మ మనుషులకు రంగు వెయ్యడం లాంటి మరీ సన్నని పనులకు ఇంకో నాలుగంగుళాలు పైకి కావాలి. దానికోసం బల్లనే ఎత్తు చెయ్యకండి. అడుగు పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తుతో ఒక చెక్క పీట చేయించుకుని అవసరమైనప్పుడు బల్ల మీద పెట్టుకోండి. మెడనొప్పికి నాకు దొరికిన మందు ఆ పీటే.

చెక్క 19 మి.మీ. ప్లైవుడ్, నీటి తేమ తట్టుకునే రకం. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి చాలు. దాన్ని అడ్డంగా సగానికి కోస్తే 48 బై 48 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. మొదటి ముక్కను మళ్ళీ నిలువుగా సగం చెయ్యండి. ఒకటి బల్ల పై పలక, 48 బై 24. రెండోదాన్ని ఇంకో సగం చేస్తే పన్నెండంగుళాల అరలు రెండు. ఒకటి గోడకు, ఒకటి కాళ్ళ దగ్గర. రెండో పెద్ద ముక్కలో 24 వెడల్పు, 30 ఎత్తుతో (ఈ ఎత్తు మీ మోచేతి కొలతను బట్టి మార్చుకోండి) రెండు పక్క పలకలు కొయ్యగా 48 బై 18 పట్టీ మిగులుతుంది. అందులో పన్నెండంగుళాలు వెనక ఊగకుండా ఆపే అడ్డపట్టీకి, మిగిలినది ముందు అంచుకూ సొరుగుకూ. రంపం ప్రతి కోతకూ మూడు నాలుగు మి.మీ. తినేస్తుంది కాబట్టి ఈ కొలతలన్నీ కాస్త తగ్గుతాయి. కాళ్ళ దగ్గరి అర రెండు పక్క పలకల మధ్య దూరాలి కదా, అది 46 అంగుళాల చిల్లర మాత్రమే ఉంటుంది. ఈ లెక్క ముందే కాగితం మీద గీసి వడ్రంగి చేతికి ఇవ్వండి. నోటితో చెబితే ఎక్కడో ఒకచోట అరంగుళం తేడా వచ్చి తీరుతుంది.

వెనక అడ్డపట్టీ ఖర్చు మిగిలించుకోవాలని మానకండి. ఆకురాయి పెట్టి రుద్దేటప్పుడు బల్ల ఊగితే రుద్దిన అంచు వంకర పోతుంది. చిన్న వైస్ (వస్తువును కదలకుండా పట్టి ఉంచే ఇనుప పట్టు) బిగించాలనుకుంటే బల్ల మధ్యలో కాకుండా సరిగ్గా పక్క పలక మీదికి వచ్చేలా, కుడిచేతివాటం వాళ్ళు కుడి మూలలో, బోల్టుతో బిగించండి. స్క్రూలైతే ఏడాదిలో వదులవుతాయి.

ముందు అంచు: కంసాలి దగ్గర నేర్చుకోవలసింది

చిత్తూరులో మా తాతగారి వీధిలో ఒక కంసాలి దుకాణం ఉండేది. చిన్నప్పుడు గంటల తరబడి ఆ అరుగు మీద కూర్చున్నాను. ఆయన పని చేసే పీట కింద సొరుగు ఎప్పుడూ కాస్త బయటికి లాగి ఉండేది. రాకిన పొడి, తెగిన తీగ ముక్క, అన్నీ అందులోనే పడాలి. సాయంత్రం కుంచెతో ఊడ్చి ఆ దుమ్మును కూడా దాచేవాడు. బంగారం పోకుండా ఆయన చేసుకున్న ఏర్పాటు మన స్ప్రింగులకూ అక్షరాలా పనికొస్తుంది.

రెండు పనులు చెయ్యండి. బల్ల ముందు అంచుకు, పలక కంటే పది మి.మీ. పైకి వచ్చేలా ఒక చెక్క పట్టీ కొట్టించండి. చేతులు ఆనేచోట ఆ పట్టీ పదునైన మూలను గుండ్రంగా రుద్దాలి, లేకపోతే మణికట్టు కోసుకుపోతుంది. రెండోది, పట్టీ కిందే రెండంగుళాల లోతుతో వెడల్పాటి సొరుగు. అడుగున తెల్ల కాగితం పరవండి. పని చేసేటప్పుడు సొరుగు పొట్ట దాకా లాగి ఉంచితే చేతిలోంచి జారినది నేల దాకా పోదు.

హెచ్‌ఓ అంటే అసలు రైలుకు 87వ వంతు ఉండే మోడల్ సైజు. హెచ్‌ఓ కప్లర్‌లో గోరు కొక్కేన్ని మూసి ఉంచే స్ప్రింగు ఉంటుంది చూశారా, అది ఆవగింజకంటే కొంచెం పొడుగు. ట్వీజర్‌తో నొక్కి పట్టుకున్నప్పుడు ఒక్కసారి జారిందా, ఎటు ఎగిరిందో కంటికి ఆనదు. అయస్కాంతానికి అంటని లోహంతో చేసినదైతే అయస్కాంతం తిప్పినా దొరకదు. దీనికి ఒక చిట్కా. బిగించేముందు స్ప్రింగు చుట్ల మధ్యలోంచి కుట్టుదారం ఒక పోగు దూర్చండి. దారం కొసను ఎడమ చేతి వేలికి చుట్టుకోండి. స్ప్రింగు ఎగిరినా దారం మీదే వేలాడుతుంది. కూర్చున్నాక దారాన్ని మెల్లగా లాగేస్తే వచ్చేస్తుంది. ఇది తెలియక ముందు పడక గది నేలంతా టార్చి వేసి, చెంప నేలకు ఆనించి వెతికిన రాత్రులు చాలా ఉన్నాయి. టార్చి నేలకు సమాంతరంగా వెయ్యాలి, చిన్న వస్తువు నీడ పొడుగ్గా పడుతుంది, అప్పుడే కనిపిస్తుంది. అన్నట్టు, బల్ల కింద నేల ఒకే రంగులో ఉండాలి. మన ఇళ్ళలో చుక్కల చుక్కల మొజాయిక్ గచ్చు ఉంటే దాని మీద సాదా లేత రంగు లినోలియం ముక్క పరుచుకోండి.

వెలుతురు, ఫ్యాను

గదిలో పై ట్యూబులైటు ఒక్కటే ఉంటే మీ తల నీడ మీ పని మీదే పడుతుంది. ఎడమ, కుడి రెండు వైపుల నుంచీ రెండు దీపాలు ఉండాలి. మెడ వంగే టేబుల్ ల్యాంపులు గానీ, గోడ అరకు అడుగున బిగించిన ఎల్‌ఈడీ పట్టీ గానీ చాలు. బజారులో ఎక్కువగా దొరికేది 6500 కెల్విన్ నీలి తెలుపు. దాని కింద ఎల్‌హెచ్‌బీ పెట్టెల (మన రైళ్ళలో కొత్తరకం పెట్టెలు) ఎరుపు కలిపి, పొద్దున ఎండలో చూసుకుంటే వేరే రంగులా ఉంటుంది. 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్న బల్బులు అడిగి తీసుకోండి. డబ్బా మీద రాసి ఉంటుంది.

ఫ్యాను సంగతి ఎక్కువ టెన్షన్ పెట్టింది నన్ను. మే నెలలో నలభై దాటిన ఎండలో ఫ్యాను లేకుండా కూర్చోలేం. సీలింగ్ ఫ్యాను తిరిగితే తడి రంగు మీద దుమ్ము పడుతుంది, సోల్డర్ అతుకు మధ్యలోనే చల్లారుతుంది, డెకాల్ (పెట్టె మీద అతికించే అక్షరాల, గీతల) కాగితం ఎగిరిపోతుంది. చివరికి సీలింగ్ ఫ్యాను ఆపేసి, చిన్న టేబుల్ ఫ్యానును నేల మీద కుర్చీ వెనక పెట్టి నడుముకూ కాళ్ళకూ తగిలేలా తిప్పాను. గాలి బల్ల పైకి రాదు, ఒంటికి తగులుతుంది. వేసవిలో నిజంగా సన్నని పని పొద్దున ఐదూ ఏడూ మధ్య చేసుకోవడం ఇంకా హాయి.

కరెంటు, సోల్డరింగ్

బల్ల ఎడమ పక్క పలకకు మూడు పిన్నుల సాకెట్లు నాలుగున్న బోర్డు ఒకటి బిగించండి. ప్రతి సాకెట్‌కూ విడి స్విచ్, ఇండికేటర్ లైటు ఉండాలి. ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే వాడండి, పాత ఇళ్ళలో మూడో రంధ్రం ఉత్తుత్తిగా ఉండటం కొత్తేమీ కాదు. సోల్డరింగ్ ఐరన్ సాకెట్ అన్నిటికంటే కంటికి ఎదురుగా ఉండాలి. లేచి వెళ్ళేటప్పుడు ఆ ఎర్ర లైటు కనిపించాలి. కరెంటు పోయినప్పుడు ఐరన్ స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి. మీరు బయటికెళ్ళాక కరెంటు తిరిగొస్తే ఖాళీ గదిలో అది వేడెక్కుతూ కూర్చుంటుంది.

పట్టాలకు తీగలు అతకడానికి వేడి తగ్గించి పెంచే సోల్డరింగ్ స్టేషన్ అయితే మేలు. 60/40 తగరం సీసం సోల్డర్ 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఐరన్ మొనను 330 నుంచి 350 మధ్య పెట్టుకుంటే పని చకచకా అవుతుంది. ఫ్లక్స్, అంటే సోల్డర్ బాగా పట్టడానికి పూసే పదార్థం, రోసిన్‌దే వాడండి. యాసిడ్ ఫ్లక్స్ రేకు పనివాళ్ళది, అది తీగలను తినేస్తుంది. తక్కువ వేడితో ఎక్కువసేపు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. వేడి పట్టా వెంట పాకి కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. నా మొదటి టెస్ట్ ట్రాక్‌లో మూడు స్లీపర్లు అలాగే కుంగిపోయాయి. తీగకూ పట్టాకూ విడివిడిగా ముందే సోల్డర్ పూత పూసి, అతుకుకు రెండు వైపులా పట్టా మీద తడి దూది పెట్టి, రెండు మూడు సెకన్లలో మొన ఎత్తెయ్యాలి.

ఐరన్ స్టాండ్ కింద అడుగు బై అడుగు కడప బండ ముక్క వేసుకోండి. మన వైపు బండల షాపుల్లో మిగిలిన ముక్కలు సులువుగా దొరుకుతాయి. కాలదు, జరగదు. అయితే అతికే వస్తువును మాత్రం బండ మీద పెట్టొద్దు, రాయి వేడినంతా లాగేసుకుంటుంది. దాని కింద మెత్తని చెక్క ముక్క ఉండాలి. పాలిష్ చేసిన గ్రానైట్ ముక్క ఇంకొకటి తెచ్చుకోండి. స్టీలు స్కేలు నిలబెట్టి వెనక నుంచి లైటు వేసి చూస్తే వెలుతురు ఎక్కడా దూరకూడదు. పెట్టె గోడలు నిలువుగా, సమంగా అతికించడానికి అంతకంటే చదునైనది ఇంట్లో దొరకదు.

సోల్డర్ పొగ ముఖానికి రానివ్వకండి. కిటికీ తెరిచి ఉంచి, పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి పొగను కిటికీ వైపు లాగేలా పెట్టుకోవచ్చు. సీసం ముట్టుకున్న చేత్తో బజ్జీ తినకూడదు, సబ్బుతో కడుక్కోవాలి.

టెస్ట్ ట్రాక్

బల్ల వెనక అంచు పొడవునా నాలుగడుగుల పట్టా వెయ్యండి. ఫ్లెక్స్ ట్రాక్ ఒక గజం, అంటే 914 మి.మీ. వస్తుంది, ఇంకో ముక్క అతికించాలి. ఆ అతుకు మంచికే, చక్రం అతుకు మీద ఎలా దూకుతుందో తెలుస్తుంది. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను హెచ్‌ఓలో సుమారు 236 మి.మీ., ఎల్‌హెచ్‌బీ పెట్టె 270 చిల్లర. ఇంజనుకు రెండు పెట్టెలు తగిలిస్తే ఆ పట్టా మీద ఇంకో అడుగున్నర మిగులుతుంది. కదిలించి, ఆపి, వెనక్కి నడిపించి చూడటానికి చాలు. రెండు కొసల్లోనూ చెక్క అడ్డం తప్పనిసరి. బల్ల అంచు నుంచి పడ్డ ఇంజను మళ్ళీ మునుపటిలా నడవడం అరుదు.

ఇంకొకటి చాలామంది అడుగుతారు. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. కదా, 87తో భాగిస్తే 19.3 రావాలి, మరి హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. ఎందుకుంటుంది? హెచ్‌ఓ పట్టా 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు లెక్క. మనదేశపు రైళ్ళు చేసేవాళ్ళలో చాలామంది ఆ తేడాను ఒప్పుకుని 16.5 మీదే నడుపుతారు. ఒకప్పుడు మీటర్ గేజ్‌గా ఉన్న మన పాకాల, ధర్మవరం లైను చెయ్యాలని ఆశ ఉంటే దానికి 12 మి.మీ. పట్టా దగ్గరగా వస్తుంది. నా గోడ అర మీద ఆ డబ్బా ఒకటి ఎదురుచూస్తోంది.

డీసీ కంట్రోలర్ అయితే 12 వోల్టులు సరిపోతుంది. డీసీసీ (పట్టా ద్వారానే ఇంజనుకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) కూడా వాడేవాళ్ళు రెండిటినీ ఒకేసారి పట్టాకు కలపకూడదు, కలిపితే ఏదో ఒకటి కాలుతుంది. మధ్యలో ఆఫ్ ఉండే డీపీడీటీ స్విచ్ (రెండు తీగలనూ ఒకేసారి ఇటో అటో మార్చేది) పెట్టి, ఒక వైపు డీసీ, ఇంకో వైపు డీసీసీ ఇవ్వండి.

పనిముట్లు

దీని మీద నేను ఎక్కువ చెప్పను. ఒకేసారి కొనేసిన సెట్లలో సగం వాడం. మొదట ఇవి చాలు: డిజిటల్ వెర్నియర్ (సన్నని కొలతలు తీసేది), సన్నని కొస ట్వీజర్లు రెండు, నీడిల్ ఫైళ్ళు, సైడ్ కట్టర్, వాచీ స్క్రూడ్రైవర్లు, బ్లేడు కత్తి, చేతి పిన్‌వైస్‌తో (సన్నని బిట్‌ను పట్టి చేత్తో తిప్పే పిడి) అర మి.మీ. నుంచి డ్రిల్ బిట్లు, ఏ3 సైజు కటింగ్ మ్యాట్. చక్రాల లోపలి అంచుల మధ్య దూరం హెచ్‌ఓలో 14.4 మి.మీ. దగ్గర ఉండాలి. పాయింట్ల దగ్గర, అంటే ఒక పట్టా రెండుగా చీలే చోట, పెట్టె పట్టా తప్పుతుంటే ముందు చూడవలసింది అదే, వెర్నియర్ తీసుకోవడం అందుకే. మొండి బ్లేడ్లు వెయ్యడానికి మూతకు సన్నటి గాటు పెట్టిన డబ్బా ఒకటి ఉంచండి, చెత్తబుట్టలో నేరుగా వేస్తే ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి.

ట్రేలు: అసలు రహస్యం ఇక్కడుంది

బల్ల మీద ఒక సమయంలో ఒకే పని ఉంటుందనుకుంటే పొరపాటు. జిగురు ఆరాలి, రంగు ఆరాలి, విడిభాగం పోస్టులో రావాలి. ఎప్పుడూ మూడు నాలుగు పనులు మధ్యలో ఉంటాయి. ఒక్కో పనికి ఒక్కో ట్రే పెట్టుకోండి. ఎల్‌హెచ్‌బీ పెట్టె 27 సెంటీమీటర్లు కాబట్టి ట్రే లోపలి పొడవు కనీసం 35 ఉండాలి. స్టీలు గానీ ప్లాస్టిక్ గానీ, అన్నీ ఒకే సైజువి కొనండి, గోడ అర మీద ఒకదానిపై ఒకటి కూర్చోవాలి.

ట్రేలో మూడు ఉండాలి. పెట్టెను తలకిందులుగా పడుకోబెట్టడానికి వీ ఆకారంలో కోసిన ఫోమ్, స్క్రూలకు చిన్న గిన్నె, ఒక చీటీ. చీటీ మీద రెండు వాక్యాలు చాలు: ఏది విప్పాను, తరవాత ఏం చెయ్యాలి. "వెనక బోగీ స్క్రూ పొడుగుది, ముందుది పొట్టిది" అని రాసి ఉన్న చీటీ మూడు వారాల తరవాత ఎంత మేలు చేస్తుందో ఆ రోజు తెలుస్తుంది. విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకుంటాం కదా అంటారు. తీసుకోండి. కానీ ఫొటో వెతకడానికి పది నిమిషాలు, చీటీ చదవడానికి పది సెకన్లు.

స్క్రూలు, నట్లు, వాషర్లు దాచడానికి పోపుల డబ్బాకు సాటి ఏదీ లేదు. ఏడు గిన్నెలు, పైన గట్టి మూత. కిందపడ్డా, మూత ఊడకపోతే, పెద్దగా కలవవు. మా ఇంట్లో పాతది ఇమ్మని అడిగితే అమ్మ కొత్తదే కొనిచ్చింది.

రంగుల పని

స్ప్రే, ఎయిర్‌బ్రష్ పని బల్ల మీద చెయ్యకండి. అట్టపెట్టె ఒక పక్క తెరిచి, వెనక ఫిల్టర్, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి కిటికీ దగ్గర చేసుకోవాలి. థిన్నర్ ఆవిరికి మామూలు ఫ్యాను మోటారు నిప్పురవ్వ ప్రమాదం, కాబట్టి నీటితో కలిసే యాక్రిలిక్ రంగులతో మొదలుపెట్టండి. వానలు పడే అక్టోబరు, డిసెంబరు మధ్య గాలిలో తేమకు లక్కర్ రంగు తెల్లగా పాలిపోతుంది. రెండు రోజులు ఎండ కాసేదాకా ఆగడం మంచిది.

దుమ్ము, తేమ, చెదలు

పని ముగియగానే బల్ల మీద పాత నూలు పంచె కప్పండి. ప్లాస్టిక్ కవరు వద్దు, కింద చెమ్మ పడుతుంది. బల్ల గోడకు అంగుళం దూరంగా ఉండాలి, పక్క పలకల కింద బండ ముక్కలు పెట్టాలి. చెదలు గోడ నుంచి, నేల నుంచి ఎక్కుతాయి కాబట్టి దూరం ఉంటే మట్టి దారి ముందే కంట పడుతుంది. కోసిన ప్లైవుడ్ అంచులన్నిటికీ వార్నిష్ పూయించండి, తేమ లోపలికి పోయేది ఆ అంచుల్లోంచే. ఫైళ్ళు, డ్రిల్ బిట్లు వానాకాలంలో తుప్పు పడతాయి. మిషను నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెట్టండి.

అన్నీ కుదిరాక మొదటి పనిగా కొత్త ఇంజను జోలికి పోకండి. పాత పెట్టె ఒకటి తీసుకుని, ఫోమ్ మీద తిరగేసి, నాలుగు ఇరుసులూ విప్పి వెర్నియర్‌తో కొలిచి, చక్రాల మీది నల్లటి జిడ్డు స్పిరిట్ దూదితో తుడవండి. రెండు ఇరుసులు పూర్తయ్యాక కావాలనే ఆపేసి, చీటీ రాసి, పంచె కప్పి లేవండి. మర్నాడు వచ్చి మిగిలిన రెండూ బిగించి టెస్ట్ ట్రాక్ మీద తోసి చూడండి.